ఇంటూ గుర్తు కింద కుర్చీ

నాన్న బూట్లకు అంటుకున్న సిమెంటును పాత చెంచాతో గీకుతున్నాను. రోజూ పొద్దున నా మొదటి పని ఇదే. సాయంత్రమే గీకితే చెంచాకు అంటుకుని సాగుతుంది. తెల్లారాక గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది. ఆ రోజు మాత్రం రెండు గీకులకే తోలు కనిపించింది.

"ఏం నాన్నా, నిన్న సిమెంటు చల్లలేదా?"

"యాడ పాపా. నిన్నట్నుంచి బందాయె. బోల్టు పిల్లోళ్లు చేతులు కట్టుకోని కూసున్నారు. మిషను మాత్రం పోతానే ఉంది."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి బూట్లవైపు చూసింది. నాన్న బూట్లు శుభ్రంగా కనిపిస్తే మా అమ్మకు భయం.

మా నాన్న పేరు పల్లపు సుంకన్న. నల్లబోడు కొండకు ఇవతల ఉన్న నీళ్లను అవతలి మండలాలకు పంపడానికి తవ్వుతున్న సొరంగంలో ఆయన పని రాయిని కొట్టి వినడం. తవ్వేది మిషను. అది రైలుబండంత పొడుగు ఉంటుంది. ముందున్న గుండ్రటి ముఖం తిరుగుతూ కొండను అరగదీసుకుంటూ పోతుంది. అది కదిలి ముందుకు పోయాక దాని వెనక కొత్త కప్పు బయటపడుతుంది. కోట్ల ఏళ్లుగా ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్న రాళ్లు మొదటిసారి కింద ఏమీ లేకుండా నిలబడాలి. కొన్ని నిలబడతాయి. కొన్ని నిలబడినట్టు నటిస్తాయి. ఏది ఏదో చెప్పడం నాన్న పని.

ఏడడుగుల ఇనుప చువ్వతో కప్పును తడతాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పట్టు వదిలిన రాయి దబ్బుమంటుంది. దబ్బుమన్న చోట సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెడతాడు. వెనక వచ్చే బోల్టు మనుషులు అక్కడ పైకి బెజ్జం వేసి, మూడు మీటర్ల ఉక్కు బోల్టు ఎక్కించి, పలక బిగించి, వల కట్టి, సిమెంటు చల్లుతారు. వదులు రాయి కొండకు కుట్టేసినట్టు అయిపోతుంది. దాని కింద నలభై మంది పట్టాలు వేసుకుంటూ, పైపులు మోసుకుంటూ తిరుగుతారు.

తొమ్మిదేళ్లుగా ఇదే పని. గురువారం సంతలో మా కాలనీ ఆడవాళ్లు కుండలు కొనాలంటే నాన్నను వెంట తీసుకుపోతారు. ఆయన వేలితో ఒక్కటి తట్టి, "ఇది ఒద్దు, ఆ పక్కది తీసుకోమ్మా" అంటాడు. కుండలమ్మే ఆయన నాన్నను దూరం నుంచి చూసే పగుళ్లున్న కుండలు వెనక్కి సర్దుకుంటాడు.

నేను ప్రాజెక్టు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని. ఇచ్చింది టైపు చేసి, ప్రింటు తీసి, సంతకానికి పెడతాను. నేను పెద్దగా మాట్లాడను కాబట్టి నేనున్నానన్న సంగతి మరిచిపోయి నా ముందు అందరూ అన్నీ మాట్లాడుకుంటారు. అందువల్ల ఈ బోల్టుల సంగతి మొదటి నుంచీ నాకు తెలుసు.

మా డైరెక్టరు గంధం జగదీశ్వర ప్రసాద్ గారు ఎక్కడో చల్లటి ఊళ్లో ఐదు రోజుల శిక్షణకు వెళ్లి వచ్చారు. వెళ్లినప్పుడు మామూలుగానే వెళ్లారు. వచ్చేటప్పుడు ఒక గుడ్డ సంచీ, మెడలో కార్డు, ఒక సిద్ధాంతం తెచ్చుకున్నారు. ఆ సిద్ధాంతం పేరు 'రుజువు ముందు, పని తర్వాత'. వచ్చిన రోజే నన్ను పిలిచి సర్క్యులరు చెప్పి రాయించారు.

"సొరంగ నిర్మాణమునందు ఇంతవరకు అనుసరించబడుచున్న ఊహాజనిత పద్ధతులకు స్వస్తి పలుకుతూ, రుజువు పునాదిగా గల పరిపాలనను ప్రవేశపెట్టుటకు నిర్ణయించడమైనది. ఇకపై ఏ శిలనైనను అస్థిరమైనదిగా పరిగణించవలెనన్న, సదరు శిల పతనము చెంది ఉండవలెను. పతనము చెందని శిలలకు బోల్టులు వేయుట నిషేధించడమైనది."

టైపు చేసి రెండుసార్లు చదువుకున్నాను. అక్షర దోషాలు లేవు.

మరునాడు మీటింగులో సెక్షన్ ఇంజనీరు మస్తాన్ వలి గారు చెయ్యి ఎత్తారు. ఆయన మంచి మనిషి. పిల్లల ఫీజులు, అమ్మీజాన్ మందులు అన్నీ నెత్తిన ఉన్నవారు కాబట్టి చెయ్యి సగమే ఎత్తుతారు.

"సార్, రాయి పడకుండా ఉండడానికే కదా సార్ బోల్టు?"

"మంచి ప్రశ్న. రాయి పడలేదంటే దాని అర్థం ఏమిటి వలీ గారూ?"

"నిలబడిందని సార్."

"నిలబడిన రాయికి బోల్టు దేనికి?"

వలి గారు చెయ్యి దించారు. డైరెక్టరు గారు తెర మీద ఒక గీతల పటం చూపించారు. "ఒక్కో బోల్టుకు మిషను ఇరవై నిమిషాలు నిలబడాలి. తొమ్మిదేళ్లలో మనం ఇరవై రెండు వేల బోల్టులు వేశాం. బోల్టు వేసిన చోట ఒక్కటంటే ఒక్క రాయి పడలేదు. అంటే ఏం తేలుతోంది? ఇరవై రెండు వేల బోల్టులూ పడని రాళ్లకే వేశామని తేలుతోంది. ఇది ఎంత పెద్ద దండగో మీ అంతరాత్మలను అడగండి."

అందరూ కాసేపు అంతరాత్మలను అడుగుతున్నట్టు తలలు వంచుకున్నారు. తర్వాత బిస్కెట్లు వచ్చాయి.

ఇక మిగిలింది నాన్న చెవి. డైరెక్టరు గారు నాన్నను పిలిపించారు. నాన్న చువ్వ బయట గోడకు ఆనించి, చేతులు తుడుచుకుని వచ్చాడు.

"సుంకన్నా, నువ్వు ఇంటూ పెడుతున్నావు. దేని ప్రాతిపదికన?"

"కొట్టి ఇంటా సార్. దబ్‌మంటే పెడ్తా."

"ఆ దబ్బును నువ్వు తప్ప ఎవరైనా కొలిచారా?"

"కొలిచేదేముంది సార్. ఇంటే తెలుస్తాది."

"అక్కడే ఉంది సమస్య. మన దగ్గర తూకపు మిషనుకు ధ్రువపత్రం ఉంది. ప్రెషరు మీటరుకు ఉంది. మంచినీళ్ల ఫిల్టరుకూ ఉంది. నీ చెవికి ఉందా?"

నాన్న చెవి తడుముకున్నాడు. లేదన్నాడు.

చెవిని ప్రమాణీకరణకు పంపుతూ ఉత్తర్వు టైపు చేశాను. వాహనం ఏర్పాటు చేశారు. నాన్న పట్నంలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లి, చెవులకు డబ్బాల్లాంటివి తగిలించుకుని, కుయ్యిమన్నప్పుడల్లా వేలెత్తి, సాయంత్రానికి కాగితంతో తిరిగి వచ్చాడు. 'రెండు చెవులూ వయసుకు తగినట్టు మామూలుగా ఉన్నవి. గుమిలి తీయబడినది' అని రాసి ఉంది.

డైరెక్టరు గారు కాగితాన్ని బల్ల మీద పెట్టి వేలితో కొట్టారు. "మామూలుగా ఉన్నవి! చూశారా వలీ గారూ? మామూలు చెవి. నాకూ మామూలు చెవే. నాకు వినపడని దబ్బు ఈయనకెలా వినపడుతుంది?"

"సార్ కప్పును ఎప్పుడూ కొట్టలేదు కదా సార్" అన్నారు వలి గారు, పావు చెయ్యి ఎత్తి.

ఇందులో ఇంకో చిక్కు వచ్చి పడింది. గుమిలి తీశాక నాన్నకు ఇంకా బాగా వినపడడం మొదలైంది. రెండువేల మూడువందల నలభై ఆరో మీటరు దగ్గర అంతకుముందు ఎనిమిది ఇంటూలు పెట్టిన మనిషి, ఇప్పుడు పదమూడు పెట్టాడు. ప్రమాణీకరణకు ముందరి గుర్తులకూ తర్వాతి గుర్తులకూ పొంతన కుదరనందున సదరు ఉద్యోగి గుర్తులను 'వ్యక్తిగత అభిప్రాయములు'గా మాత్రమే పరిగణించవలెనని ఇంకో సర్క్యులరు టైపు చేశాను.

ఆ పదమూడు అభిప్రాయాల కింద మనుషులు నడవడం మానేశారు. నడవడం మానేసి పరిగెత్తడం మొదలుపెట్టారు. పైపు మోసేవాళ్లు కూడా అక్కడికి రాగానే హెల్మెట్టు ఒక చేత్తో నొక్కి పట్టుకుని పరుగు తీసేవాళ్లు. నెలాఖరు నివేదికలో డైరెక్టరు గారు ఒక వాక్యం చేర్పించారు. 'నూతన విధానము వలన కార్మికుల కదలికలలో గణనీయమైన చురుకుదనము గమనించడమైనది.'

మొదటి రాయి ఒక మంగళవారం పడింది. పెద్దదేం కాదు, రెండు కొబ్బరికాయలంత. పదమూడు గుర్తుల్లో నాలుగో దాని కింద పడింది. బోల్టు మనుషుల్లో ఒకతని భుజం పక్కగా వచ్చి పట్టాల మధ్య పడింది. అతను అక్కడే కూర్చుండిపోయి చాలాసేపు లేవలేదు.

వలి గారికి మాత్రం కొంచెం ఆశ పుట్టింది. రుజువు దొరికింది కదా. రాయిని గోనెసంచీలో వేయించి, లక్క సీలు కొట్టించి, తూకం వేయించారు. ఐదు కిలోల ఏడువందల గ్రాములు. సర్క్యులరు ప్రకారం ఐదు కిలోలు దాటితేనే పతనం, అంతకు లోపు రాలుడు. ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంది. నేను మినిట్స్ రాయడానికి కూర్చున్నాను.

డైరెక్టరు గారు సీలు విప్పించి రాయిని బల్ల మీద పెట్టించారు. "ఈ శిల అస్థిరమైనదని రుజువైంది. అంగీకరిస్తున్నాను."

"థాంక్యూ సార్" అన్నారు వలి గారు. "అయితే నాలుగో గుర్తు దగ్గర బోల్టు వేసేస్తాం."

"అక్కడ ఏముంది ఇప్పుడు?"

"అక్కడ... ఈ రాయి పడిన గుంత ఉంది సార్."

"గుంతకు బోల్టా? అస్థిరమైన శిల ఇక్కడ నా బల్ల మీద ఉంది. మీరు బోల్టును అక్కడికి పట్టుకెళ్తానంటున్నారు."

సభ్యులు ఇద్దరూ రాయివైపు, తర్వాత ఒకరివైపు ఒకరు చూసుకుని, అందులో న్యాయం ఉందన్నారు. చాలాసేపు చర్చ జరిగింది. బోల్టు అస్థిరమైన శిలకే వేయాలి. అస్థిరమని తేలిన శిల ఏకైకంగా ఇదే. కాబట్టి బోల్టు దీనికే వేయాలి. ఏకగ్రీవంగా ఆమోదించారు. నేను రాసుకున్నాను.

స్టోర్సు వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి గచ్చు వేయించి, ఆ రాయిని నడిమధ్యన పెట్టించి, బోల్టు మనుషుల చేత రాయిలోంచి గచ్చులోకి బెజ్జం కొట్టించి, మూడు మీటర్ల ఉక్కు బోల్టు దింపి పలక బిగించారు. పైన వల కట్టి సిమెంటు కూడా చల్లారు. ఒక నంబరు బిళ్ల తగిలించారు. డైరెక్టరు గారు స్వయంగా బూటు కాలితో దాన్ని తన్ని చూశారు. కదల్లేదు.

ఆ తర్వాత ఆ గుర్తుల అంచుల నుంచి పడిన రాళ్లన్నీ వరసగా షెడ్డుకే వచ్చాయి. నెల తిరిగేసరికి పదకొండు రాళ్లు మూడు వరసల్లో బోల్టులు వేయించుకుని కూర్చున్నాయి. 'బోల్టు వేసిన పిమ్మట ఏ శిలయు పతనము చెందలేదు. సాఫల్యము నూటికి నూరు శాతము' అని నివేదిక వెళ్లింది. పైనుంచి అభినందన పత్రం వచ్చింది. సోమవారం నాడు పెద్దల బృందం వచ్చి షెడ్డు చూస్తుందని కూడా అందులో ఉంది.

బోల్టు మనుషులు సాయంత్రాలు మా వాకిట్లో నాన్న దగ్గర కూర్చునేవాళ్లు.

"ఆ షెడ్డులో పండుకుంటే పోతాది మామా. ఊర్లో యాడా లేనంత భద్రం ఆడుంది."

"ఆడ పండుకోవాలంటే ముందు నువ్వు పైనుంచి పడాలంట లేప్పా" అన్నాడు నాన్న. అందరూ నవ్వారు. భుజం పక్కన రాయి పడిన అతను కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

కానీ ఒక లోటు మిగిలింది. పడిన రాళ్లను పడ్డాక చూసినవాళ్లే గానీ, పడుతుండగా చూసినవాళ్లు లేరు. అందరూ పరిగెత్తుతున్నారు కదా. భుజం పక్కన రాయి పడిన అతను కూడా పైకి చూడలేదు. కమిటీలో ఒక సభ్యుడు సందేహం లేవనెత్తాడు. రాయి దానంతటదే పడిందా, ఎవరైనా తెచ్చి పెట్టారా? దానిమీద ఆఖరి సర్క్యులరు వచ్చింది. ప్రతి పతనానికీ ప్రత్యక్ష సాక్షి ఉండాలి. సాక్షి పతన స్థానమునకు నేరుగా దిగువన, శిలపై దృష్టి నిలిపి, కుర్చీయందు ఆసీనుడై ఉండవలెను. ఆఫీసు వేళలు పది నుంచి ఐదు. రాయి ఆ వేళల్లోనే పడాలి. ముందుగా పడదలచుకుంటే కారణాలు రాయాలి. ఈ చివరి వాక్యం వలి గారు కొట్టేయించారు. ఆయన ఉద్యోగ జీవితంలో సాధించిన విజయాల్లో అదొకటి.

సాక్షి ఎవరు? ఆరోపణ చేసినవాడే. పదమూడు ఇంటూలు పెట్టింది మా నాన్న. పదమూడింటిలో నడిమిది, ఏడో నంబరు, అన్నిటికంటే పెద్దది. నాన్న దాన్ని కొట్టి చూసి ఇంటికి వచ్చిన రోజు అన్నం సరిగా తినలేదు. "బోషాణమంత ఉంటాది. ఊకనే ఆనుకోని ఉంది" అన్నాడు అంతే. సోమవారం పెద్దల బృందం వచ్చినప్పుడు ఏడో గుర్తు కింద కుర్చీలో సాక్షి కూర్చుని ఉండాలని కార్యక్రమ పత్రంలో వేశారు. షెడ్డు సందర్శన తర్వాత, టీకి ముందు.

ఒక ఫారం తయారైంది. నేనే టైపు చేశాను. అందులో రెండు గళ్లున్నాయి. మొదటి గడిలో టిక్కు పెడితే, గుర్తు కింద కూర్చోవడానికి స్వేచ్ఛగా అంగీకరించినట్టు. రెండో గడిలో టిక్కు పెడితే, గుర్తులన్నీ చెవి భ్రమ వల్ల పెట్టినవని ఒప్పుకుని తడిగుడ్డతో తానే తుడిచేసినట్టు. ఏదీ పెట్టకపోతే సోమవారం నుంచి పనిలోకి రానక్కర్లేదు.

నాన్న ఆ ఫారం తెచ్చి దేవుడి పటం వెనక పెట్టాడు. మూడు రోజులు అక్కడే ఉంది.

"తుడిచేసి రాపో అయ్యా" అంది అమ్మ. "సుద్దముక్క గీతే కదా."

"గీత తుడిస్తే రాయి అతుక్కుంటాదా? ఇప్పుడన్నా గీత చూసి పరిగెత్తుతాండారు. తుడిస్తే నింపాదిగా నడుచ్చారు."

"అయితే పోయి కూసో. కుర్చీ ఏసుకోని నెత్తిన పడేదాకా పైకి చూస్తా కూసో. సినిమాకి పోయినట్టు." అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి జీపు వచ్చి మా క్వార్టరు ముందు ఆగింది. డైరెక్టరు గారు, ఆయన వెనక ఫైలు పట్టుకుని వలి గారు. స్వేచ్ఛగా ఇచ్చే అంగీకారాన్ని ఉద్యోగి సొంత ఇంట్లో, కుటుంబం సమక్షంలో తీసుకుంటేనే అది నిజంగా స్వేచ్ఛ అవుతుందని డైరెక్టరు గారి శిక్షణలో చెప్పారట.

మా ఇల్లు ఒక గది, ఒక వంటిల్లు. కాలనీ మొత్తం ప్రాజెక్టు వాళ్లే కట్టించారు. నాన్న ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఫ్యాను కింద వేశాడు. అమ్మ మజ్జిగ కలిపి గ్లాసులో తెచ్చి ఇచ్చింది. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

"చూడు సుంకన్నా" అన్నారు డైరెక్టరు గారు. "నేను నీ శత్రువును కాను. నువ్వు చెప్పేది నిజం కావచ్చు. కాకపోవచ్చు. విజ్ఞానం నీ దగ్గర అడిగేది ఒక్కటే. రుజువు. రాయి పడుతుందని నీకు అంత నమ్మకం ఉంటే కింద కూర్చో. నమ్మకం లేకపోతే తుడిచెయ్యి. ఇందులో బలవంతం ఎక్కడుంది?"

"నమ్మకం ఉండబట్టే కూసోలేను సార్" అన్నాడు నాన్న.

"అదీ! నమ్మకం ఉన్నవాడు కూర్చోడు. నమ్మకం లేనివాడు కూర్చోనక్కర్లేదు. ఇలా అయితే ఎవరు కూర్చోవాలి? వ్యవస్థ ఎలా నడవాలి?"

వలి గారు ఫైలు ఛాతీకి హత్తుకుని నేల చూపులు చూస్తున్నారు. ఆ ఫైల్లో ఏముందో నాకు తెలుసు. పదమూడు బోల్టుల అనుమతి కాగితం. నెలన్నర కిందటే టైపు చేసి ఇచ్చాను. సంతకం చోటు తెల్లగా ఉండిపోయింది. వలి గారు దాన్ని రోజూ ఫైల్లో పైన పెట్టేవారు. డైరెక్టరు గారు రోజూ కిందికి తోసేవారు.

నాన్న వెనక్కి తిరిగాడు. తలుపు మూల నుంచి చువ్వ తీసుకున్నాడు. ఆ చువ్వను రోజూ ఇంటికే తెస్తాడు, ఇంకొకరి చేతిలో పడితే దాని గొంతు మారిపోతుందంటాడు. చువ్వ ఎత్తి, గది చివర గోడ దగ్గర శ్లాబును మెల్లగా తట్టాడు.

ఖంగ్.

ఒక అడుగు ఇవతలికి వచ్చి తట్టాడు. ఖంగ్. ఇంకో అడుగు. ఖంగ్.

డైరెక్టరు గారు మజ్జిగ గ్లాసు పట్టుకుని చూస్తున్నారు. నాన్న ఫ్యాను పక్కకి వచ్చి, సరిగ్గా ఆయన తలకు పైనున్న శ్లాబును తట్టాడు.

దబ్.

ఆ శబ్దం నాకు వినపడింది. అమ్మకు వినపడింది. వలి గారు తలెత్తారు. డైరెక్టరు గారివి కూడా మామూలు చెవులే.

నాన్న జేబులోంచి సుద్దముక్క తీసి, మంచం ఇవతలికి లాగి ఎక్కి, శ్లాబు మీద ఇంటూ పెట్టి దిగాడు.

"ఏమిటది?" అన్నారు డైరెక్టరు గారు.

"ఏం లేదు సార్. నా వ్యక్తిగత అభిప్రాయం."

డైరెక్టరు గారు నవ్వారు. నవ్వుతూనే కుర్చీని ఒక జానెడు పక్కకి జరిపారు. నాన్న అక్కడ కూడా తట్టాడు. దబ్. ఇంకో ఇంటూ. కుర్చీ ఇంకో జానెడు జరిగింది. దబ్. మూడో ఇంటూ. మా ఇంట్లో ఖంగుమనే చోటు గది చివర నాలుగడుగులు ఉంది, మా మంచం అక్కడే వేసుకుంటాం. వానాకాలం నుంచీ నాన్న మమ్మల్ని ఫ్యాను కింద పడుకోనివ్వడు. రిపేరుకు అర్జీ పెట్టాం. ఏదైనా ఊడి పడితే తెచ్చి చూపించమన్నారు.

"ఇది... ఇది సొరంగం కాదు" అన్నారు డైరెక్టరు గారు. "దీనికీ దానికీ సంబంధం లేదు. శ్లాబు మనిషి కట్టింది. దీనికి డిజైను ఉంది, డ్రాయింగు ఉంది, ధ్రువపత్రం ఉంది."

"ఉంది సార్" అన్నారు వలి గారు. "మీరే సంతకం పెట్టారు."

అప్పుడు పైనుంచి చింతగింజంత సున్నపు పెచ్చు ఒకటి రాలి, ఆయన చేతిలోని మజ్జిగలో పడింది. గ్లాసులో తేలింది. ఆయన దాన్ని చూశారు. మేమందరం చూశాం. దాని వెనకే సన్నగా పొడి దిగి ఆయన చొక్కా భుజం మీద కూర్చుంది.

డైరెక్టరు గారు కుర్చీలోంచి సగం లేచారు.

నేను అప్పటిదాకా నోరు తెరవలేదు. ఆఫీసులో కూడా ఆయన అడిగితే తప్ప మాట్లాడను. కానీ సర్క్యులర్లన్నీ నేనే టైపు చేశాను కాబట్టి నియమాలు నాకు కంఠతా వచ్చు. పటం వెనక నుంచి ఫారం తీసి, పెన్నుతో పాటు ఆయన ముందు పెట్టాను.

"సార్, ఐదు కిలోలకు లోపు కాబట్టి ఇది రాలుడు కింద వస్తుంది. పతనం కింద చెల్లదు. మీరు ఇంకాసేపు కూర్చుంటే, ప్రత్యక్ష సాక్షి అన్నచోట మీ పేరు రాస్తాను. టైము కూడా నాలుగున్నరే సార్. ఆఫీసు వేళల్లోనే ఉన్నాం."

ఫ్యాను కొక్కెం దగ్గర కిర్రుమంటోంది. అది ఎప్పుడూ కిర్రుమంటూనే ఉంటుంది గానీ, డైరెక్టరు గారు వినడం ఇదే మొదటిసారి. ఆయన మెల్లగా, తల కదపకుండా, కళ్లు మాత్రం పైకి ఎత్తారు. మూడు ఇంటూలు. వరసగా.

"దీనికి ఏం చెయ్యాలి?" అన్నారు. గొంతు చాలా చిన్నగా ఉంది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే పైన ఎవరో లేస్తారన్నట్టు.

"పడకముందే పట్టుకోవాల సార్" అన్నాడు నాన్న. "ఆడా అంతే. ఈడా అంతే. పడినాక షెడ్డులో పెట్టి బోల్టేస్తే రాయికి మంచిదే. మనిషికి ఏమొస్తాది?"

వలి గారు ఈసారి చెయ్యి ఎత్తలేదు. ఫైలు తెరిచి, అన్నిటికంటే పైనున్న కాగితం తీసి, ఫైలు మీదే ఆనించి, తలుపు దగ్గర నిలబడ్డారు. ఆయన సరిగ్గా గడపకు అవతల నిలబడ్డారు. సంతకం కావాలంటే డైరెక్టరు గారు అక్కడికి వెళ్లాలి.

డైరెక్టరు గారు వెళ్లారు. మధ్యలో మిగతా రెండు ఇంటూల కింద నుంచి వెళ్లాల్సి వచ్చింది. అక్కడ ఆయన ఒక చేత్తో నెత్తి మీద నొక్కి పట్టుకుని, వేగంగా నాలుగు అడుగులు వేశారు. నెలాఖరు నివేదికలో మేము రాసిన చురుకుదనం అదే. గడప మీద నిలబడి కాగితం చదవలేదు. పదమూడు బోల్టులు, వల, సిమెంటు, తక్షణమే. సంతకం పెట్టారు. తేదీ వేశారు. కింద ఒక ముక్క తనంతట తానే చేర్చారు, 'కాలనీ గృహములకు కూడ వర్తించును' అని.

వలి గారు కాగితాన్ని రెండు చేతులా తీసుకున్నారు. నాన్న బూట్లలో కాళ్లు దూర్చి తాళ్లు కట్టుకోవడం మొదలుపెట్టాడు. రెండో షిఫ్టు మనుషులు అప్పటికి లోపలే ఉంటారు.

"మజ్జిగ తాగలేదే సారూ" అంది అమ్మ. "ఆ గ్లాసు పారబోసి వేరేది తెస్తానుండండి."

డైరెక్టరు గారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. చెప్పులేసుకున్నారు. వాకిలి దాటి, పైన ఆకాశం తప్ప ఇంకేమీ లేని చోటికి వెళ్లాక కూడా ఒకసారి ఆగి, తలెత్తి పైకి చూశారు. ఆ తర్వాత జీపెక్కి వెళ్లిపోయారు.